అన్ని కోణాల్లోనూ దర్యాప్తు చేస్తున్న ఇన్‌స్పెక్టర్ గారికి

మా ఏరియా స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారి దివ్యసముఖమునకు, నాలుగో వీధి కాపురస్థుడొకడు నమస్కరించి రాసుకొను బహిరంగ విన్నపము.

అయ్యా, మొన్నామధ్య మా వీధిలో దొంగతనం జరిగింది. ఈ సంగతి మీకు తెలుసు. మాకు మాత్రం అధికారికంగా ఇప్పటికీ తెలియదు. పొద్దున్నే మీ జీపు వచ్చింది. క్లూస్ టీం వచ్చి బీరువా తలుపుకి పౌడరు అద్ది వేలిముద్రలు తీసుకుంది. జాగిలం వచ్చింది, ఆనవాయితీ ప్రకారం మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తి, బస్టాపు దగ్గర ఆగిపోయింది. ఏమైందండీ అని అడిగితే కానిస్టేబుల్ గారు "ఏం లేదు, లోపలికెళ్ళండి" అన్నారు. ఏం లేకపోతే జాగిలం ఎందుకొచ్చిందని అడిగే ధైర్యం మా వీధిలో ఎవరికీ లేదు. మర్నాడు పేపర్లో మీ మాట చదువుకున్నాం: అన్ని కోణాల్లోనూ దర్యాప్తు చేస్తున్నారట. సంతోషం.

మీ మౌనాన్ని మేం వృథా పోనివ్వలేదని తెలియజేసుకుంటున్నాను.

పాలప్యాకెట్ల వేళకి పోయింది నాలుగు తులాలు. ఇస్త్రీ బండి దగ్గరికొచ్చేసరికి పదిహేను. మధ్యాహ్నానికి కాలనీ వాట్సాప్ గ్రూపులో అరకిలో అయింది, కూతురి పెళ్ళికి దాచిన రొక్కం దానికి అదనం. పాపం, ఆ ఇంట్లో ఉన్నది ఒక్కడే కొడుకు. దొంగ కూడా తక్కువవాడు కాదు, పొద్దున ఒక్కడుగా ఉన్నవాడు చీకటిపడేసరికి చెడ్డీ గ్యాంగ్ అయ్యాడు. రుజువుగా వీడియో కూడా వచ్చింది: నిక్కర్లేసుకుని ప్రహరీ వెంట నడుస్తున్న మనుషులు, ఆ ప్రహరీ పక్కన వరసగా కొబ్బరిచెట్లు. మా కాలనీలో కొబ్బరి అనేది పూజసామాను కొట్లో తప్ప కనపడదు. 2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి చుట్టుపక్కల చెడ్డీ గ్యాంగ్ నిజంగానే తిరిగింది, పోలీసులు గుజరాత్ దాకా వెళ్ళి కొందరిని పట్టుకొచ్చారు కూడా. మా గ్రూపులో మాత్రం వాళ్ళింకా దొరకలేదు. ఏటా సంక్రాంతికి జనం ఊళ్ళకు బయల్దేరే ముందు ఒకసారి అలా నడిచి వెళ్తుంటారు.

ఎవరో "పార్థీ గ్యాంగ్" అని కూడా పెట్టారు. ఒక తెగ పేరునే ముఠా పేరు చేసేశాం. నేరస్థ జాతుల చట్టం 1952లోనే రద్దయిందంటారు. మా గ్రూపులో అది ఇప్పటికీ అమల్లో ఉంది.

ఆ రాత్రి మా కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని గస్తీ మొదలెట్టారు. సైకిలు మీద దుప్పట్లు అమ్ముకునే అబ్బాయి దొరికాడు. హిందీలో మాట్లాడాడు కాబట్టి సగం నేరం రుజువైపోయింది. మూట విప్పించారు. దుప్పట్లున్నాయి. అడుగున ఇంకేమైనా ఉంటుందని మొత్తం రోడ్డు మీద పరిపించారు. అడుగునా దుప్పట్లే. మా రిటైర్డ్ హెడ్మాస్టారు లుంగీ మీదే పరుగెత్తుకొచ్చి "వాడేం చేశాడ్రా" అని అరవబట్టి ఆ పిల్లాడు మూట కట్టుకుని వెళ్ళగలిగాడు.

ఇక్కడ వేళాకోళం ఆపుతానండీ. 2018 మే నెలలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న పుకారు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాకినప్పుడు, మన హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో గుంపు కొట్టిన దెబ్బలకు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం పోయింది. ఆమెకు అడ్డుపడే హెడ్మాస్టారు లేకపోయారు.

అదే ఏడాది జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు చేసిన పని మీకు తెలిసే ఉంటుంది. కానిస్టేబుళ్ళను ఊరికొకరు చొప్పున పంచారు. వాళ్ళు ఊరివాళ్ళతో పరిచయం పెంచుకుని, వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లోనే చేరారు. డప్పు కొట్టించి, పాట కట్టించి, పుకారు వీడియోలు అబద్ధమని ఊరూరా చెప్పించారు. నాలుగొందలకు పైగా ఊళ్ళు. ఆమె పరిధిలో పుకారుకు ఒక్కరూ బలికాలేదు. దీనికి పెద్ద టెక్నాలజీ ఏమీ అక్కర్లేకపోయింది, పోలీసులే ముందుగా నోరు విప్పారు.

దర్యాప్తు దెబ్బతింటుందని మీరనవచ్చు. అనుమానితుల పేర్లు మాకొద్దండీ. బాధితుల పేరూ, ఇంటి నంబరూ కూడా వద్దు, వాళ్ళ ఇంటికి పరామర్శకు పోయేవాళ్ళు ఇప్పటికే ఎక్కువయ్యారు. కానీ దొంగ ఎన్నింటికొచ్చాడో, ఏ తలుపు విరిచాడో దొంగకు తెలుసు, మీకు తెలుసు. తెలియంది మాకే. ఈ రహస్యం ఎవరి దగ్గర దాస్తున్నట్టు?

చట్టం మా పక్షాన కొంతే ఉంది. సున్నితమైన కేసులు మినహాయించి ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లోగా వెబ్‌సైట్లో పెట్టమని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహితేమో, దర్యాప్తు ఎంతవరకొచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు చెప్పమంటోంది. పక్కింటివాళ్ళ ఊసు అందులో లేదు. అయినా రాత్రి పడుకోబోయే ముందు ఎఫ్‌ఐఆర్ డౌన్‌లోడ్ చేసుకుని చదివే అలవాటు మా వీధిలో ఇంకా రాలేదు.

కెమెరాల విషయమూ ఒకటుంది. మీ "నేను సైతం" పథకం కింద చందాలేసుకుని పెట్టించాం. దొంగతనం జరిగిన రాత్రి రికార్డింగు కావాలని మీవాళ్ళు వచ్చేసరికి మా డీవీఆర్‌లో పాతదాని మీద కొత్తది ఎక్కిపోయింది. దాచిపెట్టండని మొదటిరోజే ఒక్క మాట అని ఉంటే దాచేవాళ్ళం.

మీకు తీరిక లేదని తెలుసు కనుక, నోటీసు మేమే రాసి పంపుతున్నాం:

"ఇందుమూలంగా కాలనీవాసులకు తెలియజేయునది ఏమనగా, రాత్రి ____ నుంచి ____ గంటల మధ్య తాళం వేసిన ఒక ఇంట్లో దొంగతనం జరిగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ____ వైపు తలుపు గడియ విరిచి లోపలికొచ్చారు. మీ తలుపులు చూసుకోండి. కెమెరాలున్నవారు ఆ రాత్రి రికార్డింగు చెరిగిపోకుండా వేరే దాచండి. అనుమానం వస్తే 112కి ఫోన్ చేయండి. ఎవరినీ మీరు ఆపవద్దు, సోదా చేయవద్దు. చేసిందెవరో, పోయిందెంతో ఇంకా తేలలేదు. తేలాక ఇక్కడే రాస్తాం."

ఖాళీలు పూరించి, సంతకం చేసి, స్టేషన్ స్టాంపు వేయించండి చాలు. స్టాంపు లేకపోతే మా అసోసియేషన్ సెక్రటరీ లిఫ్టులో అంటించనివ్వడు. జెరాక్సు ఖర్చులు మావి. ఒక కాపీ ఇస్త్రీ బండికి మాత్రం తప్పనిసరి.

ఇట్లు,
ఏ తలుపుకి గడియ బిగించాలో తెలియని
నాలుగో వీధి కాపురస్థుడు