ఫలితం ముందు, పరిశోధన తరవాత

డిగ్రీ కుర్రాళ్లలో నిద్రపోతున్న శాస్త్రవేత్తలను తట్టి లేపాలని చదువుల పెద్దలు కంకణం కట్టుకున్నారు. 2020 నాటి జాతీయ విద్యా విధానం నాలుగేళ్ల డిగ్రీకి తలుపు తీసింది. 2022 డిసెంబరులో యూజీసీ విడుదల చేసిన చట్రం ప్రకారం, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడు పరిశోధన చేసి ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ పట్టా పుచ్చుకోవచ్చు. ప్రాజెక్టుకు 12 క్రెడిట్లు. క్రెడిట్లయితే కాగితం మీద పుడతాయి గానీ రసాయనాలు కొట్లో కొనాలి. ఆ డబ్బెవరిస్తారని అడిగినవాళ్ల చేతిలో పెట్టేదే గ్రాంటు దరఖాస్తు.

ఈ దరఖాస్తులు చాలావరకు ఒకే అచ్చు. శీర్షిక, లక్ష్యాలు, పద్ధతి, నెలవారీ ప్రణాళిక, పద్దులవారీ బడ్జెట్. ఇంతవరకు పేచీ లేదు. అసలు గడి ఆ కిందుంటుంది: ‘ఆశించే ఫలితాలు’.

నల్గొండ జిల్లాలో ఓ బీఎస్సీ అమ్మాయి ఉందనుకుందాం. ఫ్లోరైడ్ అనగానే దేశానికి గుర్తొచ్చే జిల్లా అది. నీళ్లలోంచి ఆ ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం వేసి తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు కూడా ఉంది. తమ ఊరి బోర్లలో వానలకు ముందు ఫ్లోరైడ్ ఎంత, వానల తరవాత ఎంత అన్నది ఆ అమ్మాయి సందేహం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది భారతీయ ప్రమాణం. ఏ బోరు దాటుతోంది, ఏ నెలలో దాటుతోంది? ఊరికి పనికొచ్చే ప్రశ్న, డిగ్రీ పిల్ల చేయగల పని. ఫలితాల గడిలో నిజం రాయాలంటే ‘తెలియదు, తెలుసుకోవడానికే డబ్బడుగుతున్నాను’ అని రాయాలి. అలా రాస్తే గ్రాంటు రాదని గైడుకు తెలుసు. ఆయన చెప్పినట్టే ‘గణనీయమైన వ్యత్యాసం వెల్లడవుతుంది’ అని నింపుతుంది. ఒక్క సీసా నీళ్లు పట్టకముందే ఫలితం వచ్చేసింది. పెళ్లిచూపులు కాకుండానే మనవడి బారసాలకు ముహూర్తం పెట్టించడమంటే ఇదే.

పక్క గడుల్లో ఇంకా ఉంది: నవ్యత ఏమిటి, పేటెంటు వస్తుందా, స్టార్టప్ అవుతుందా? ఐక్యరాజ్యసమితి వారి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు పదిహేడింటిలో ఏది నెరవేరుతుంది? ఆరో లక్ష్యం శుభ్రమైన నీరు కాబట్టి ఈ అమ్మాయి బతికిపోయింది. ప్రధాన సంఖ్యల మీద పనిచేద్దామనుకున్న ఆమె క్లాస్‌మేట్ మాత్రం ఆ జాబితాను పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ చదువుతూనే ఉన్నాడు.

ఆ కుర్రాడికి ఒక పాత గ్రాంటు కథ చెప్పాలి. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం పోర్టు ట్రస్టు గుమాస్తా ఒకాయనకు నెలకు 75 రూపాయల చొప్పున రెండేళ్లకు పరిశోధక వేతనం మంజూరు చేసింది. ఆయన ఆ రోజుల్లో ఇంటర్ లాంటి ఎఫ్.ఏ. పరీక్ష తప్పినవాడు, డిగ్రీ లేనివాడు. పేరు శ్రీనివాస రామానుజన్. మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలన్నది షరతు. 1914 మార్చిలో ఇంగ్లండు ఓడ ఎక్కేలోపు ఆయన మూడు నివేదికలిచ్చాడు. గణితజ్ఞులు ఈనాటికీ ‘రామానుజన్ మాస్టర్ థీరమ్’ అంటూ వాడుకునే సూత్రం ఆ నివేదికల్లోదే. చేసిన పని చెప్పమన్నారు, చెప్పాడు. చేయబోయే అద్భుతాన్ని ముందే ఒప్పజెప్పమని ఉంటే ఏ గడిలో ఏం రాసేవాడో! ఇవాళైతే అర్హత దగ్గరే ఆగిపోయేవాడు. 75 అంకె మాత్రం చెక్కుచెదరలేదు: అప్పుడు రూపాయలు, ఇప్పుడు శాతం.

సరే, నల్గొండ అమ్మాయికి గ్రాంటు వచ్చిందనుకుందాం. ఆమె పని రుతువుల్ని బట్టి నడవాలి, డబ్బు ఆర్థిక సంవత్సరాన్ని బట్టి నడుస్తుంది. మంజూరు ఉత్తర్వు ఆలస్యమైతే వాన ఆగదు, వెళ్లిపోతుంది. మార్చి 31 మాత్రం ఏ ఏడూ ఆలస్యంగా రాదు. ఆలోగా ఖర్చు చూపించాలి, యుటిలైజేషన్ సర్టిఫికెట్ పెట్టాలి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాల్లో ఒకప్పుడు దాని ఫారం నంబరు 19-ఎ, 2017 నుంచి 12-ఎ. ఆ సర్టిఫికెట్‌కు సంబంధించి కొత్తదనమంటే అదే కాబోలు. అదే 2017 నియమాలు వచ్చినప్పుడే 25 వేల రూపాయల దాకా సరుకును కొటేషన్లు లేకుండా కొనవచ్చన్నాయి. కానీ అకౌంట్స్ సెక్షన్‌కు నియమాల కంటే ఆడిట్ భయం పెద్దది. శాంపిల్ సీసాలకూ మూడు కొటేషన్లు తెమ్మంటుంది. మూడు లెటర్‌హెడ్లూ ఒకే కొట్టు సొరుగులో దొరుకుతాయన్నది అమ్మాయి గ్రాంటు డబ్బుతో కనుగొన్న మొదటి శాస్త్రీయ సత్యం.

ఏ ఫలితమూ ముందే చెప్పమనకుండా, కుర్రాడిని నమ్మి డబ్బిచ్చిన పథకం మన దగ్గరా ఒకటుండేది. 1999లో మొదలైన కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన పరీక్షా ఇంటర్వ్యూలూ గట్టెక్కిన డిగ్రీ విద్యార్థికి నెలకు 5 వేలు, ఏడాదికోసారి చిల్లర ఖర్చులకు మరో 20 వేలు ఇచ్చేది. డిగ్రీలో పరిశోధన గురించి ఉపన్యాసాలు ఊపందుకున్న 2022లోనే దాన్ని మరో పథకమైన ఇన్‌స్పైర్‌లో కలిపేశారు.

దరఖాస్తు కోరే గుణాలన్నీ ఉన్న పరిశోధనా సంస్థ దేశంలో లేదనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లో ఉంది. అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే రెడీమేడ్ ప్రాజెక్టులమ్మే దుకాణాల సంగతి గోడలే చెబుతాయి. బీటెక్ వాళ్లకు చివరి ఏడాది మేజర్ ప్రాజెక్టు ఏనాటినుంచో తప్పనిసరి కనక, ఇక్కడ ఆ విద్య ఎప్పుడో పండిపోయింది. బేస్ పేపరు వాళ్లే ఇస్తారు. కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ ఇస్తారు. వైవాలో ఏమడుగుతారో, ఏం చెప్పాలో కూడా నేర్పుతారు. యూజీసీ 2018 నియమాల ప్రకారం నకలు 10 శాతం లోపుంటే శిక్ష లేదు కాబట్టి, వాక్యాలు అటూ ఇటూ మార్చి ఆ గీత కిందికి దించుతారు. అన్నిటికీ మించి, అవుట్‌పుట్ గ్యారంటీ. ఆశించిన ఫలితం ఆశించిన తేదీకి, ఆశించిన బడ్జెట్లో, ఒక్క పద్దు మిగలకుండా చేతికొస్తుంది. ఆ దుకాణాలను విద్యకు పట్టిన చీడ అని తిట్టే ప్రొఫెసర్లు చాలామందే. ఒక్కసారి తమ కమిటీ ఫారంతో అక్కడి కరపత్రాన్ని పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఎవరు ఎవరిని చూసి రాశారో తేల్చడం వాళ్లకూ కష్టమే.

ఫారంలో ఒక్క గడి మార్చి చూడమనే వాళ్లూ ఉన్నారు. ‘ఆశించే ఫలితాలు’ కొట్టేసి ‘ఇప్పటికి ఏం తెలియదు’ అని పెట్టాలట. అనుకున్నది జరగకపోతే ఆ సంగతే నివేదికగా రాస్తే మార్కులివ్వాలట. ముచ్చటైన సంస్కరణే. కమిటీ ఒప్పుకున్న వారానికి మైత్రీవనం గోడ మీద కొత్త కాగితం అంటుకుంటుంది: ‘ఫెయిల్డ్ ప్రాజెక్టులు లభించును. ఫెయిల్యూర్ గ్యారంటీ. ఎక్స్‌ప్లనేషన్ ఉచితం.’