మా మెట్రో మామ

మా మేనమామ జేబులో పెన్ను లేని రోజు ఉంటుంది గానీ స్టీలు టేపు లేని రోజు ఉండదు. హరిబౌలి పక్క గల్లీలో ఇల్లు. పాతబస్తీలో ఇలాంటి మామ లేని ఖాందాన్ లేదు. మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేస్తే ఎవరి అరుగు పోతుందో, ఎవరి షట్టరు మిగులుతుందో వీళ్లకు కంఠతా వచ్చు. సర్వేవాళ్లు ఆ తర్వాత తీరిగ్గా వచ్చి కొలుచుకుంటారు.

పెళ్లికి తీసుకెళ్తే ఫంక్షన్ హాల్ మెట్ల దగ్గరే ఆగిపోతాడు. "నూరు ఫీట్ల రోడ్డు అల్లుడా. నడిమిట్ల నుంచి అటు యాభై, ఇటు యాభై. స్టేషన్ కాడ నూట ఇరవై. ఈ మెట్లు గయే!" ఆ మెట్ల మీదే నిలబడి పన్నీరు చల్లుతున్న పెళ్లికూతురి తండ్రి ముఖం చూడలేం. పరామర్శకు వెళ్లినా అంతే. గజానికి 81 వేల పరిహారమని సర్కారు ప్రకటించాక ఆయన ఓదార్పులో గుణకారం కూడా చేరింది.

ఇరానీ హోటల్లో అసలు విశ్వరూపం. చాయ్‌లో వేలు ముంచి బల్ల మీద లైను గీస్తాడు. నీళ్ల గ్లాసు సాలార్‌జంగ్ మ్యూజియం, ఉస్మానియా బిస్కెట్టు చార్మినార్, నా ఫోను శాలిబండ. "చార్మినార్ స్టేషన్ అంటే మినార్ల కిందనే దిగుతమనుకుంటున్రు జనాలు. ఐదొందల మీటర్లు నడవాలె!" ఒకసారి మాటల్లో నేను బిస్కెట్టు తినేస్తే, స్టేషన్ పోయిందని నిజంగానే కోప్పడ్డాడు.

ఇల్లు ఎలాగూ కూలుతుందన్న ధీమాతో ఏళ్ల తరబడి సున్నం వేయించలేదు. బాత్రూం నల్లా కారితే కింద బకెట్ పెట్టాడు. "పోయే ఇంటికి పైసలెందుకే?" అంటాడు. "మెట్రో వచ్చేటాల్లకు నా మోకాళ్లు పోయినయ్" అంటుంది అత్త.

తప్పంతా ఆయనదే అనడానికీ నోరు రాదు. 2017 నవంబరులో నాగోల్ నుంచి మియాపూర్‌కు మెట్రో నడిచింది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఇమ్లీబన్ దాకా వచ్చి, మూసీ ఒడ్డున ఆగింది. అవతల ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్లు కాగితం మీదే ఉండిపోయాయి. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి ఫారూక్‌నగర్ దగ్గర శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత లైను చాంద్రాయణగుట్ట దాకా సాగి ఏడున్నర కిలోమీటర్లయింది, కాగితం మీదే. 1908 వరద తర్వాత సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన పత్తర్‌గట్టిని చూపించి, "అప్పట్ల రాళ్లతోని కట్టిన్రు, ఇప్పట్ల ఫ్లెక్సీలతోని కడుతున్రు" అంటాడు మామ. ఇందులో మాత్రం నేను ఆయన పార్టీయే.

ఇంతా చేసి ఆయన మెట్రో ఎక్కలేదు. స్కూటర్ మీద ఇమ్లీబన్ వెళ్లి, స్టేషన్ కింద నిలబడి, పైన రైలు పోతుంటే తలెత్తి చూసి వస్తాడు. "మన దిక్కు వచ్చినంక ఎక్కుత." ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ ఉంది కదా మామా అంటే, "అది రైలు" అని కొట్టిపారేస్తాడు.

2025 జనవరిలో చెక్కులు పంచడం మొదలైంది. జాబితాలో ముందింటివాళ్లున్నారు, మామ లేడు. పెళ్లి పత్రికలో పేరు పడని బాబాయిలా అలిగి ఇరానీ హోటల్ వైపే వెళ్లలేదు. నాలుగు రోజులు పోయాక పొద్దున్నే ఫోన్: "జల్దీ రా!" వెళ్తే టేపు రెండో కొస నా చేతిలో పెట్టాడు. "ముంగటోళ్లది పోతే మనది మెయిన్ రోడ్డు ఫేసింగ్ అల్లుడా! కింద రెండు షట్టర్లు పడతయ్." నవ్వుదామనుకున్నాను గానీ, పై గదికి అద్దె ఎంతొస్తుందో అప్పటికే నా మనసు లెక్కేస్తోంది.

గుమ్మంలోంచి అత్త అడిగింది: "ఇల్లు పోదని తేలిపాయె గదా, ఇగనన్న సున్నమేయిస్తవా?"

మామ టేపు చుట్టుకుంటూ ఆమెను జాలిగా చూశాడు. "ఇప్పుడా? రేపు పిల్లర్లేస్తుంటే దుమ్ముకు ఖరాబు కాదూ?"