సిబిల్ దోష నివారణ

సిబిల్ దోషం పుట్టుకతో రాదు, అప్పు తీసుకున్న మనిషి వాయిదా తప్పిన రోజున పడుతుంది. దీనికి రాహుకేతువులతో పనిలేదు. అప్పిచ్చిన బ్యాంకో ఫైనాన్స్ కంపెనీయో పంపే ఒక్క అంకె చాలు. వాయిదా తేదీ దాటి ఎన్ని రోజులైందో ఆ అంకె చెబుతుంది. సకాలంలో కట్టిన నెలకు మూడు సున్నాలు పడతాయి. సున్నాలొస్తే మెచ్చుకునే పరీక్ష లోకంలో ఇదొక్కటే.

సిబిల్ అనేది అప్పుల చరిత్ర రాసిపెట్టే, 2000లో పుట్టిన కంపెనీ పేరు. ఇలాంటి కంపెనీలకు 2005లో చట్టం వచ్చింది, ఇప్పుడు దేశంలో నాలుగున్నాయి. అయినా జనం నోట్లో నాలుగూ సిబిలే. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. స్కోరు కింద ఉండే నివేదికను చాలామంది చూడరు. దోషం ఉండేది అక్కడే.

నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర ఒక రైతు మోటారు సైకిల్ అప్పుకు 33 వాయిదాలు కట్టి, చివరి మూడూ పొగాకు అమ్మాక కడదామని ఆపాడనుకుందాం. నివేదికలో మూడేళ్ల నెలలూ గళ్లు గళ్లుగా పరిచి ఉంటాయి. 000, 000 అంటూ గొర్రు పట్టిన సాలులా తిన్నగా సాగిన వరుస చివరికొచ్చేసరికి 30, 60, 90 అని వంకర తిరుగుతుంది. డి.సి.పల్లి పొగాకు వేలంలో ఆ ఏడు ధర ఎందుకు పలకలేదో రాయడానికి మాత్రం గడి లేదు. 90 రోజులు దాటితే అప్పు మొండి బాకీ. స్వల్పకాలిక పంటల అప్పుకైతే రెండు పంటకాలాల గడువుంది, మోటారు సైకిల్‌కు ఆ మర్యాద లేదు. ఇంకా ముదిరితే కొన్ని నివేదికల్లో అంకెలు పోయి అక్షరాలొస్తాయి. వాటిలో డీబీటీ ఒకటి. ప్రభుత్వ పథకం సొమ్ము ఖాతాలో పడటాన్ని డీబీటీ అనడానికి అలవాటుపడిన కళ్లకు అది శుభవార్తలా కనిపిస్తుంది. ఇక్కడ దాని అర్థం, అప్పు వసూలవడం అనుమానమని.

ఈ దోషం దానంతటదే పోతుందని అక్కడి మెట్టప్రాంతంలో మూడు సిద్ధాంతాలున్నాయి. మూడేళ్ల సిద్ధాంతం, ఐదేళ్ల సిద్ధాంతం, ఏడేళ్ల సిద్ధాంతం. ముహూర్తాల్లాగే అన్నీ బేసి సంఖ్యలే.

మూడేళ్ల సిద్ధాంతానికి మూలం ప్రోనోటు. నోటు రాసి మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుందని ఆత్మకూరులో వడ్డీకిచ్చే ప్రతివారికీ తెలుసు, పుచ్చుకునేవారికి ఇంకా బాగా తెలుసు. 1963 నాటి కాలపరిమితి చట్టం చెప్పేది కూడా అదే. అయితే కాలదోషం పట్టేది దావాకు, బాకీకి కాదు. గడువు తీరేలోపు ‘బాకీ నిజమే’ అని ఒక కాగితం మీద సంతకం పెట్టినా, సంతకంతో కొంత జమ కట్టినా మూడేళ్లు మళ్లీ మొదటినుంచి. ‘రెన్యువల్ కాగితాలు, ఇక్కడో సంతకం’ అని బ్యాంకులో అడిగేవాటిలో ఇలాంటివీ ఉంటాయి. దావా వేసే గడువు దాటిపోయినా నివేదికలో గళ్లు అలాగే ఉంటాయి. కోర్టుకు గడువుంది గానీ జ్ఞాపకానికి లేదు.

ఐదేళ్ల సిద్ధాంతం ఎన్నికలది. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి లేదు, రెండుసార్లు ఫలించింది. 2008లో కేంద్రం పంట రుణాలు మాఫీ చేసింది. రెండు హెక్టార్లు దాటినవారికి మాత్రం మిగతాది కడితే 25 శాతం తగ్గిస్తామంది. వాన రాని మెట్టలో ఐదెకరాలు దాటిన ఆసామి కాలువ కింద అరెకరం రైతు కంటే పెద్దవాడని అప్పుడు తేలింది. 2014లో రాష్ట్రంలో మళ్లీ మాఫీ మాట వచ్చింది. మాట ఎన్నికల ముందు, సొమ్ము తర్వాత. ఈ రెంటి మధ్యా రైతు కట్టడం ఆపాడు. కట్టినవాడికి మాఫీ రాదేమోనని భయం మరి. సకాలంలో కడితే 4 శాతం పడాల్సిన పంట రుణం వడ్డీ ఆ రాయితీలు పోయి పూర్తి రేటుకు ఎక్కింది. కుటుంబానికి లక్షన్నర పరిమితి పెట్టి విడతలుగా ఇచ్చారు. 2019లో ప్రభుత్వం మారాక చివరి విడతలు ఆగిపోయాయి. గోడల మీద నినాదాలకు తర్వాత సున్నం కొట్టారు. బ్యాంకు పుస్తకానికి సున్నం కొట్టే ఆచారం లేదు.

ఏడేళ్ల సిద్ధాంతం చదువుకున్నవారిది. ఏడేళ్లు ఓర్చుకుంటే నివేదిక తుడుచుకుపోతుందని వారి నమ్మకం. ఏలినాటి శని ఏడున్నరేళ్లు, సిబిల్ శని అర సంవత్సరం తక్కువన్నమాట. ఇందులో ఒక్క మాటే జారిపోయింది. సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలని నిబంధన. ‘కనీసం’ తీసేసి ఏడేళ్లను మాత్రం ఉంచుకున్నారు. పైగా శని ఎప్పుడు పట్టిందో సిద్ధాంతి చెప్పగలడు. నడుస్తున్న బాకీని మాత్రం బ్యాంకు ప్రతిసారీ కొత్తగా పంపుతూనే ఉంటుంది. 2025 జనవరి నుంచి నెలకు కనీసం రెండుసార్లు.

ఈ సిద్ధాంతాలేవీ తెలియని ఆడవాళ్లు కూడా నివేదికలోకి వచ్చారు. ఉదయగిరి ప్రాంతంలోని దూబగుంట నుంచి సారా వ్యతిరేకోద్యమం లేచింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకు రూపాయి దాచుకుందామని నెల్లూరు జిల్లా మహిళలు పొదుపులక్ష్మి పెట్టారు. ఆ పొదుపు గ్రూపులే తర్వాత బ్యాంకు అప్పుల గ్రూపులయ్యాయి. చాలాకాలం బ్యాంకుకు గ్రూపు పేరే తెలిసేది, లోపల ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో గ్రూపు లీడరుకు తెలిసేది. సభ్యురాళ్ల వివరాలు విడివిడిగా పంపాలని 2016లో రిజర్వు బ్యాంకు చెప్పింది. పొదుపు చేసినన్నాళ్లూ ఎవరికీ పట్టని పేరుకు అప్పు పుణ్యమా అని గుర్తింపొచ్చింది.

ఇక షూరిటీ. పెళ్లికి వెళ్లినంత తేలిగ్గా బావమరిది అప్పుకు సంతకం పెట్టి వచ్చినవారి నివేదికలోనూ ఆ అప్పు కనిపిస్తుంది. బావమరిది పెళ్లాం నగల వివరాలు కనిపించవు.

దోషమున్నచోట నివారకుడు ఉంటాడు. కరెంటు స్తంభం మీది కాగితంలోనూ ఫోనులోని రీల్స్‌లోనూ ఒకే వాక్యం: ‘సిబిల్ క్లియర్ చేయబడును.’ నివారకుడు అడిగేవి ఆధార్, పాన్, ఓటీపీ, రుసుము. రుసుము ముందే ఇవ్వాలి. నలుగురికి బాకీపడి నివారకుడిని వెతుక్కుంటూ వెళ్లిన మనిషి ఇతనొక్కడికి మాత్రం అడ్వాన్సు చెల్లిస్తాడు. ఆ ఓటీపీతో నివారకుడు సిబిల్ సైటులో ఖాతా తెరిచి, ‘ఈ వివరం తప్పు’ అని అభ్యంతరం పెడతాడు. అది ఎవరైనా ఉచితంగా పెట్టుకోగలిగిన అభ్యంతరమే. కంపెనీ దాన్ని బ్యాంకుకు పంపుతుంది. బాకీ నిజమైతే బ్యాంకు నిజమేనంటుంది, గళ్లు గళ్లలాగే ఉంటాయి. బ్యాంకు ఒప్పుకోకుండా ఒక్క గడి మార్చే అధికారం సిబిల్‌కే లేదు. జిరాక్స్ షాపు పక్కన కుర్చీ వేసుకున్న నివారకుడికి ఎక్కడినుంచి వస్తుంది? బ్యాంకుదే తప్పయిన చోట అభ్యంతరం పనిచేస్తుంది, ఘనత నివారకుడికి పోతుంది. జ్వరం తగ్గాక తాయెత్తును మెచ్చుకోవడం లాంటిదే ఇది.

బ్యాంకుల దగ్గర కూడా ఒక తాయెత్తుంది, దాని పేరు సెటిల్‌మెంట్. లక్ష బాకీకి నలభై వేలు కట్టి తెంచుకోమంటారు. లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి చేస్తే ఆ అవార్డుపై అప్పీలు కూడా లేదు. బాకీ తెగుతుంది. నివేదికలో మాత్రం ‘క్లోజ్డ్’ అని పడదు, ‘సెటిల్డ్’ అని పడుతుంది. ఈ రెండు మాటల తేడా సంతకం పెట్టించుకునేటప్పుడు ఎవరికీ గుర్తుకురాదు, ఇంకో అప్పు అడిగినప్పుడు అందరికీ గుర్తుకొస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి 1514లో ఉదయగిరి దుర్గం పట్టాడు. ‘సెటిల్డ్’ అన్న ఒక్క మాట అంతకు ఎన్నో రెట్ల కాలం నిలబడుతుంది. ‘రైట్ ఆఫ్’ ఇంకో మాయ. పత్రికలు దాన్ని రద్దు అని రాస్తే, బాకీదారు మాఫీ అని చదువుకుంటాడు. బ్యాంకు తన లెక్కల పుస్తకంలో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి మార్చుకుందంతే, వసూలు హక్కు ఎక్కడికీ పోదు.

కావాలని ఎగ్గొట్టినవారితోనూ, మోసం చేసినవారితోనూ బ్యాంకులు రాజీ చేసుకోవచ్చని 2023 జూన్ 8న రిజర్వు బ్యాంకు చెప్పింది. కేసు కేసే, రాజీ రాజీయే. మూడు వాయిదాల మోటారు సైకిల్ రైతుకు ఇంత గౌరవమైన పేరు తెచ్చిపెట్టేంత పెద్ద అప్పు ఎప్పటికీ పుట్టదు.

నిజమైన నివారణకు మంత్రం లేదు. బాకీ నిజమైతే పూర్తిగా కట్టి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, ఖాతా ‘క్లోజ్డ్’ అని పడిందో లేదో చూసుకోవడమే. సెటిల్‌మెంట్ అయిపోయినవారు కూడా మిగిలిన మొత్తం కట్టి ఆ మాట మార్చమని బ్యాంకును అడగవచ్చు. పాత ఆలస్యాల గళ్లు అలాగే ఉంటాయి, వాటిపక్కన కొత్త సున్నాలు చేరుతుంటాయి. ఈలోగా బాకీ కోసం వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదు.

కట్టేసిన అప్పు కట్టనట్టు చూపినా, ఎవరిదో అప్పు అంటగట్టినా ఆ తప్పు దిద్దించుకునే పని ఉచితం. నాలుగు కంపెనీలూ ఏడాదికొకసారి పూర్తి నివేదిక ఊరికే ఇవ్వాలి. అభ్యంతరం పెట్టిన 30 రోజుల్లో తేల్చకపోతే, 2024 ఏప్రిల్ 26 నుంచి, ఆలస్యం చేసిన బ్యాంకో కంపెనీయో రోజుకు 100 రూపాయలు బాధితుడికే చెల్లించాలి. బ్యాంకు వాయిదా తప్పితే పడే వడ్డీ అనుకోవచ్చు. అప్పటికీ పలక్కపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, 2022 సెప్టెంబరు నుంచి సిబిల్ లాంటి కంపెనీలూ అతని కిందికే వస్తాయి. ఫోను నంబరు 14448. ఫిర్యాదుకు రుసుము లేదు.