లెగ్‌పీసు వైద్యం

అంటురోగానికి మనవాళ్లు కనిపెట్టిన మందు చికెన్ మేళా. 2020లో చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకార్లప్పుడు హైదరాబాదులో తెలంగాణ మంత్రులు వేదికెక్కి చికెన్ తిని దీన్ని ప్రారంభించారు. 2025 ఫిబ్రవరిలో మన ఆంధ్ర వంతు. తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు కోళ్లలో బర్డ్‌ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 ఉందని భోపాల్ ల్యాబ్ తేల్చింది. ఎన్టీఆర్ జిల్లా గంపలగూడేనికీ పాకింది. ఆ నెల తిరక్కుండానే గుంటూరులో చికెన్ ఉచితంగా వడ్డించారు. జనం ఎగబడ్డారు. వైరస్ సిగ్గుపడి పారిపోయిందని అనుకోవాలి.

బాగా ఉడికితే వైరస్ చస్తుంది, నిజమే. కాదన్నదెవరు? డెబ్బై డిగ్రీలకే చచ్చేదాన్ని కాగే నూనెలో వేసి గెలిచామంటే ఆ గెలుపు వంటమాస్టరుది. వైరస్ కాపురం షెడ్డులో, రెట్టలో, కోసే మొద్దు మీద. అక్కడ మేళా పెట్టినవారు లేరు.

కాగితం మీద మాత్రం లోటు లేదు. షెడ్డు చుట్టూ కిలోమీటరు మేర కోళ్లన్నీ చంపాలి, పది కిలోమీటర్లు నిఘా పెట్టాలి. పరిహారం సర్కారు చంపించిన కోడికే. తనంతట తాను చచ్చినదానికి పైసా రాదు. కబురు ఆలస్యమయ్యేకొద్దీ చచ్చినవి పెరుగుతాయి, రావలసిన డబ్బు తరుగుతుంది. ఇక మిగిలేది గోనెసంచీ, చీకటి, కాలువ గట్టు. ఆ కాలువ నీళ్లతోనే మన ఊరి మంచినీళ్ల చెరువు నిండుతుంది.

విజయవాడ నుంచి వెళ్లే కోళ్ల లారీలను కోదాడ దగ్గర రామాపురం చెక్‌పోస్టులో తెలంగాణ ఆపేసింది. కొల్లేరు కొంగలకు ఆ చెక్‌పోస్టు సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

కొంగను ఆపలేం, సరే. కోడినైనా ఆపుతున్నామా? పెరట్లో జింకపిల్లను కట్టేస్తే 1972 వన్యప్రాణి చట్టం ఇంటికొస్తుంది. పందెంకోడి దర్జా వేరు. 1960 జంతుహింస నివారణ చట్టం, 1974 గేమింగ్ చట్టం, 2016లో హైకోర్టు ఆదేశం, అన్నిటినీ దాటుకుని సంక్రాంతికి జిల్లాలు మారి బరిలో దిగుతుంది. కత్తి పదునెంతో చూసేవాళ్లు బోలెడు, దాని ఒంట్లో జ్వరముందా అని చూసేవాడు ఒక్కడూ లేడు. నెల తిరక్కుండా షెడ్లు ఖాళీ అవుతుంటే, వైరస్ ఎక్కణ్నుంచి వచ్చిందా అని మళ్లీ మనమే ఆశ్చర్యపోతాం.

2025 మార్చిలో మంగళగిరి ఎయిమ్స్‌లో రెండేళ్ల పాప హెచ్5ఎన్1తో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంట్లోవాళ్లు చెప్పారు. మేళాలో వడ్డించింది ఉడికిన మాంసం.

అయ్యా, ఈసారి ఉచితంగా పంచాలనిపిస్తే లెగ్‌పీసులు వద్దు. కోసేవాళ్లకు గ్లౌజులివ్వండి. మొదటిరోజే కబురు చెప్పిన రైతుకు చచ్చిన కోళ్లకూ ఎంతోకొంత కట్టివ్వండి.