తప్పు చేయనోడికి ప్లీడరెందుకు?

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. ఈ సామెత తెలుగువాడికి ఎంత ఒంటబట్టిందంటే, స్టేషన్ నుంచి ఫోనొచ్చాక ప్లీడర్ గడప తొక్కడం కూడా భుజం తడుముకోవడం కిందే లెక్క. తప్పు చేయనోడికి ప్లీడరెందుకు? అడిగింది చెప్పేసి, వాళ్లిచ్చిన టీ తాగి వచ్చేయడమే.

ఫోన్ కూడా అంత ముద్దుగానే వస్తుంది. ‘ఏం లేదు, సార్ ఓసారి మాట్లాడతారంట. పది నిమిషాల పని, వచ్చి పో.’ ఏ కేసు, సాక్షిగానా నిందితుడిగానా అని అడగడం మర్యాద కాదు గనక మనవాడు అడగడు. బండి స్టాండేసి లోపలికెళ్తాడు. పది నిమిషాలు కాస్తా లైట్లేసే వేళవుతుంది. సెల్లు రైటర్ గారి సొరుగులోకి చేరుతుంది. నిజాయతీపరుడి నోరు ఊరుకోదు కదా! ఆ మంగళవారం ఊళ్లో లేనంటాడు. కాసేపాగి, ఉన్నాను గానీ అటు వెళ్లలేదంటాడు. అబద్ధమాడాలని కాదు, ఏ మంగళవారమో గుర్తు లేక. కాగితం మీద మాత్రం అవి ‘పొంతన లేని సమాధానాలు’. చివర్లో, ‘ఇక్కడో సంతకం’. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద చెప్పినవాడి సంతకం తీసుకోకూడదని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 181వ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి పెట్టేవాడికి తెలీదు.

అలాగని మనవాడు ఒంటరిగా వెళ్లే రకం కాదు. ప్లీడర్ అక్కర్లేదు గానీ మాజీ సర్పంచ్ కావాలి. ఆయన ఖాళీగా లేకపోతే ఎమ్మెల్యే పీఏకి తెలిసిన బావమరిది. ప్లీడర్ ఫీజు దండగ. పెద్దమనిషి కారుకు డీజిలు, మధ్యాహ్నం బిర్యానీ, ‘పైవాళ్ల’ వాటా మాత్రం లోకరీతి. అంత ఖర్చూ పెట్టించి ఆయన సీఐతో గేటు దగ్గర నవ్వుతూ మాట్లాడి వస్తాడు. ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్లున్నాయో అడగడు. ఏడేళ్ల వరకు శిక్షపడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాయాలని, అవసరం లేకుంటే నోటీసుతో సరిపెట్టాలని 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన సంగతి ఆయన చెవిన పడి ఉండదు. ఇక ముందస్తు బెయిలు. ఎప్పుడడగాలో దాని పేరులోనే ఉంది. మనవాళ్లకది లాకప్ తలుపు పడ్డాకే గుర్తొస్తుంది.

పెద్దలకు ఈ అమాయకత్వం ఉండదు. 1977లో ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథిని కటక్‌లో విజిలెన్స్ స్టేషన్‌కు పిలిచి, చాంతాడంత ప్రశ్నల జాబితా ముందు పెట్టారు. ఆవిడ జవాబు చెప్పలేదు. చెప్పనందుకు ఇంకో కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తనకు తానే వ్యతిరేక సాక్షి కానక్కర్లేదన్న హక్కు కోర్టు బోనులోనే కాదు, పోలీసు ప్రశ్నల దగ్గరే మొదలవుతుందని, కోరితే న్యాయవాదిని పక్కన ఉండనివ్వాలని 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. అసలు ఆడమనిషిని సాక్ష్యం కోసం స్టేషన్‌కు పిలవడమే చట్టవిరుద్ధమని అక్షింతలు కూడా వేశారు.

చట్టం అంత ఉదారంగా ఏమీ మారలేదు లెండి. అరెస్టయి విచారణలో ఉన్నవాడు న్యాయవాదిని కలవొచ్చని, కానీ ప్రశ్నలడిగినంతసేపూ కాదని బీఎన్‌ఎస్‌ఎస్ 38వ సెక్షన్ గీత గీసింది. కొంచెమే కదా అని ఆ కొంచెం కూడా అడక్కుండా వదిలేయడం మన ఉదారత. డబ్బుల్లేవనే సాకూ నిలవదు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టమే ఉంది. 15100కి ఫోన్ చేస్తే చాలు. పెద్దమనిషి డీజిలు కన్నా చవక.

‘ప్లీడరెందుకయ్యా, మేం లేమా’ అని సలహా ఇచ్చే ఖాకీ చొక్కా మీదికే ఒక్కోసారి ఏసీబీ వస్తుంది. నోట్లు పట్టుకున్న వేళ్లను గాజుగ్లాసులోని ద్రావణంలో ముంచమంటారు. నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. అప్పుడు ఆయన మాజీ సర్పంచ్‌ను పిలవమనడు. టీ కూడా అడగడు. ‘ఒక్క ఫోన్ చేసుకోనివ్వండి సార్, మా అడ్వకేట్‌కి’ అంటాడు.