పాతబస్తీ ప్రయాణికుడు – ఎయిర్‌పోర్ట్ లాంజ్

ఎయిర్‌పోర్టులో బిజినెస్ క్లాస్ లాంజ్ అంటే నాలుగు సౌకర్యాలున్న గది: మెత్తటి కుర్చీ, బఫే, ఫోనుకు చార్జింగ్, బయట ఇనప కుర్చీల్లో కూర్చున్నవాళ్లు లోపలికి రాకుండా ఒక తలుపు. మొదటి మూడూ వెతికితే బయట కూడా దొరుకుతాయి. గిరాకీ అంతా నాలుగో దానికే.

ఈ ఏర్పాటు పుట్టింది అమెరికాలో. 1939లో న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్మిరల్స్ క్లబ్ తెరిచింది. కంపెనీ పిలిచి పీట వేస్తేనే ప్రవేశం. పిలుపు అందుకున్న పెద్దమనిషి ఓడ ముఖం చూడకపోయినా అడ్మిరల్ అయ్యేవాడు. 1992లో రకరకాల లాంజ్‌లలోకి ప్రవేశమిచ్చే ప్రయారిటీ పాస్ అనే సభ్యత్వం వచ్చింది. 1998లో హాంకాంగ్‌లో, ఏ విమానం ఎక్కేవారైనా డబ్బు కట్టి కూర్చోగల ప్లాజా ప్రీమియం లాంజ్ మొదలైంది. ఆ తర్వాత ఆ తలుపు తాళం చెవులను బ్యాంకులు డెబిట్ కార్డుల రూపంలో ఊరందరికీ పంచిపెట్టాయి.

మనిషిని బట్టి కూర్చోబెట్టడం హైదరాబాద్‌కు తెలియని విద్య కాదు. 1916లో కట్టిన కాచిగూడ రైల్వే స్టేషన్‌లో పరదా పాటించే స్త్రీలకు వేరే ఏర్పాటు ఉండేది. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చుని తినే భోజనాల బల్ల ఉంది. నిజాం అతిథులు కార్డు గీకకుండానే ఆ బల్ల ముందు కూర్చున్నారు. ఇక పాతబస్తీ సామాన్యుడి లాంజ్ ఇరానీ హోటల్. అక్కడ ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు చెప్పి గంటసేపు రాజకీయం మాట్లాడినా లేవమనేవారుండరు. చాయ్ వన్ బై టూ చెప్పినా కుర్చీలు మాత్రం రెండు ఇస్తారు.

2008 మార్చి 23న విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాక ఎయిర్‌పోర్ట్ పాతబస్తీకి దక్షిణ దిక్కున వెలిసింది. చార్మినార్ నుంచి సుమారు 20 కిలోమీటర్లు. ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట, బార్కస్, పహాడీ షరీఫ్ మీదుగా ఒక దారి, బహదూర్‌పురా, ఆరాంఘర్ మీదుగా మరొకటి. 2025 జనవరిలో జూపార్క్–ఆరాంఘర్ ఫ్లైఓవర్ తెరిచాక రెండో దారిలో ప్రయాణం తేలికైంది. అలా మిగిలిన సమయం లాంజ్ దాకా చేరదు. ఇంటి గుమ్మం దగ్గరే ఖర్చయిపోతుంది.

గుమ్మం దగ్గర జరిగేది చిన్న కార్యక్రమం కాదు. గల్ఫ్‌కు పనిమీద వెళ్లేవారైనా, ఉమ్రాకు వెళ్లే పెద్దలైనా, అమెరికాకు చదువుకు వెళ్లే పిల్లవాడైనా చేతికి ఇమామ్ జామిన్ కట్టాల్సిందే. గుడ్డలో నాణెం మూటకట్టి దండ చేతికి కడతారు. క్షేమంగా చేరాక ఆ డబ్బు దానం చేస్తారు. సెక్యూరిటీ దగ్గర మెటల్ డిటెక్టర్‌కు ఈ సంగతి తెలియదు కాబట్టి అది కుయ్యిమంటుంది. చొక్కా చేయి పైకెత్తి, నాణేన్ని చూపించి, దాని వెనకున్న అమ్మమ్మ ప్రేమను జవానుకు హిందీలో వివరించి బయటపడాలి. ఈలోగా సాగనంపడానికి రెండు కార్లలో వచ్చిన బలగం టికెట్ లేదు కాబట్టి టెర్మినల్ బయటే ఆగిపోతుంది. వాళ్ల కోసం కింది అంతస్తులో ఎయిర్‌పోర్ట్ విలేజ్ అనే తినుబండారాల చోటు ఉంది. సందడి విషయంలో అసలు లాంజ్ అదే.

ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లోకి వెళ్లేవారు మూడు రకాలు. మొదటివారు నిజంగా బిజినెస్ క్లాస్ టికెట్ కొన్నవారు. వీరు ఏమీ తినరు. రెండోవారు ఒకే విమాన సంస్థలో తిరిగి తిరిగి గోల్డ్ కార్డు సంపాదించినవారు. వీరు నిద్రపోతారు. మూడోవారు బ్యాంకు కార్డు చేతపట్టుకుని వచ్చినవారు. లాంజ్‌ను లాంజ్‌లా వాడుకునేది వీరే.

మూడో రకం వారిలో చాలామందికి ప్రవేశ రుసుము రెండు రూపాయలు. కార్డు అసలైనదో కాదో తేల్చుకోవడానికి మిషన్ లాగే మొత్తం అది. ఫోనులో టింగుమని మెసేజ్ వచ్చేవరకు కౌంటర్ ముందు ఊపిరి బిగబట్టాలి. ఇటీవల చాలా బ్యాంకులు గత మూడు నెలల్లో ఇంత ఖర్చుపెట్టి ఉండాలని మెలిక పెట్టాయి. పొదుపు చేసినవాడికి ప్రవేశం లేదు, దుబారా చేసినవాడికి ఉప్మా ఉచితం. దేశీయ లాంజ్‌లో చెల్లిన కార్డు అంతర్జాతీయ లాంజ్‌లో చెల్లకపోవచ్చు. ఇన్ని వడపోతల తర్వాత కూడా పొద్దున్నే లాంజ్ ముందు క్యూ ఉంటుంది. క్యూ తప్పించుకోవడానికి పుట్టిన చోటికి క్యూ రావడం ఈ ఏర్పాటు సాధించిన ప్రగతి.

లోపల మొదటి పని పక్క కుర్చీలో బ్యాగు పెట్టడం. రెండోది ప్లేటు పట్టుకోవడం. ఇడ్లీ మీద సాంబారు, దాని పక్కన పాస్తా, పాస్తాను ఆనుకుని గులాబ్ జామూన్, ఎక్కడా ఖాళీ లేక ఇడ్లీ నెత్తిన ఒక బ్రెడ్ ముక్క. ఇంట్లో ఇలా వడ్డిస్తే అలిగి లేచిపోయే మనిషి ఇక్కడ తానే వడ్డించుకుని మరో విడత వెళతాడు. రెండు రూపాయలు వసూలైపోయి చాలాసేపైనా ఆ సంగతి గమనించడు.

పాతబస్తీ ప్రయాణికుడికి చిక్కులు వచ్చేది రెండు చోట్ల. ఒకటి బిర్యానీ అని చీటీ అతికించిన పాత్ర. మూత ఎత్తుతాడు, వాసన చూస్తాడు, మూత పెట్టేస్తాడు. తీర్పు మాటల్లో చెప్పడు. రెండోది చాయ్. ఇరానీ చాయ్‌కి డికాక్షన్ మూత బిగించి దమ్ మీద మగ్గాలి, పాలు విడిగా చిక్కగా కాగాలి, రెండూ కప్పులోనే కలవాలి. లాంజ్‌లో పేపర్ కప్పు, గోరువెచ్చటి నీళ్లు, అంచున దారం వేలాడే పొట్లం. ఆ దారాన్ని నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడించి, రంగు దిగకపోతే మన ప్రయాణికుడు దాన్ని పక్కన పెట్టి నీళ్లు తాగుతాడు.

చాలా లాంజ్‌లలో బోర్డింగ్ ప్రకటనలు వినిపించవు. గేటు మాత్రం విమానం కదలడానికి 20, 25 నిమిషాల ముందే మూసేస్తారు. ఇరానీ హోటల్లో "అయిదు నిమిషాల్లో లేస్తా" అన్నమాటకు గంట గడువు ఉంటుంది. గేటు దగ్గర అయిదు నిమిషాలంటే అయిదే. విమానం తప్పిపోతే ఆ రోజు ఉప్మా ఖరీదు ఇరవై వేలు.

జెద్దా విమానం ఎక్కే పెద్దలకు లాంజ్ మీద మోజు తక్కువ. పూర్వపు హైదరాబాద్ సంస్థానం జిల్లాల నుంచి వెళ్లే హజ్ యాత్రికులకు మక్కాలో నిజాంల కాలం నుంచి వస్తున్న రుబాత్‌లు, అంటే యాత్రికుల వసతి గృహాలు, ఉన్నాయి. లాటరీలో పేరు వస్తే అక్కడ బస ఉచితం. 

కాబట్టి పాతబస్తీ నుంచి బయల్దేరేవారు పాటించాల్సినవి మూడే. కార్డు చెల్లుతుందో లేదో ఇంట్లోనే చూసుకోవాలి. గేటు మూసే వేళకు ఫోనులో అలారం పెట్టుకోవాలి. టిఫిన్ లాంజ్‌లో చేసినా ఫర్వాలేదు, చాయ్ మాత్రం చార్మినార్ దగ్గరే తాగి వెళ్లాలి.