పాదసంజీవని: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

క్యోటోలో ఒక పాతకాలపు బసలో మూడు రాత్రులున్నాం. అటువంటి బసను అక్కడ ర్యోకన్ అంటారు. నేను, మా ఆవిడ, మా అత్తయ్యగారు, టోక్యో నిషికసాయిలో కాపురముంటూ మమ్మల్ని ఊళ్లన్నీ తిప్పిన మా బావమరిది. అతనికి తప్ప మిగిలిన ముగ్గురికీ జపాన్ అదే మొదటిసారి. గుమ్మంలో అడుగు పెట్టగానే గోడకు చెక్క చట్రంలో ఒక చీటీ కనిపించింది. నాలుగు వరుసలు జపనీస్‌లో, వాటి కింద నాలుగు బొమ్మలు. నాలుగు వరుసలు కనబడితే తెలుగువాడి చెయ్యి ఊరుకోదు. మర్నాడు రైల్లో కూర్చుని దాన్ని పద్యంలో పెట్టాను.

మూలము

గడప కడనె బూటు గౌరవించి విడువు
మెత్త జోడు తొడిగి మెల్ల నడువు
చాప మీద నదియు జాడ లేక విడువు
దొడ్డి జోడు వేఱు దొరలకైన

మెదక్ జిల్లా కొల్చారంవాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు టీక రాస్తూ, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ముందే మాటిచ్చి కూర్చున్నాడు. అంత నిగ్రహం నాకు లేదు. మూలంలో ఎక్కడా లేని మా అత్తయ్యగారు ఈ టీకలో అడుగడుగునా వస్తారు.

పాఠాంతరములు

చీటీకి ఫోను కెమెరా చూపిస్తే నా ఫోను మొదటి వరుసను "మీ బూట్లు ఇక్కడ రాజీనామా చేయండి" అని చదివింది. మా ఆవిడ ఫోను "ఇక్కడి నుండి నేల మారుతుంది" అంది. మొదటిది లేఖక ప్రమాదం, పరిహరించవచ్చు. రెండోది తప్పే కానీ, చీటీ రాసినవారికి కూడా తట్టని ధ్వని అందులో ఉంది కాబట్టి వదులుకోలేకపోతున్నాను. అత్తయ్యగారు ఫోనూ చూడలేదు, చీటీ చూడలేదు. గుమ్మం చూశారు, చెప్పులు విడిచారు.

ప్రథమ పాదము

గడప కడనె = ద్వారం దగ్గరే. గడప అన్నది ఛందస్సు కోసం వేసిన మాట. వాళ్లు ఆ చోటును గెన్‌కాన్ అంటారు. రెండక్షరాల మాట. మొదటి అక్షరానికి చీకటి, నిగూఢం అని అర్థం, రెండోదానికి ఠాణా. జెన్ మఠాల నుంచి వచ్చింది: లోతైన జ్ఞానంలోకి పోయే ద్వారమని భావం. జెన్ అంటే ఏమిటో కాదు, మన ధ్యానమే; చైనాలో చాన్ అయి, సముద్రం దాటి జెన్ అయింది. అంత వేదాంతం మోసుకొచ్చిన పదం ఇవాళ గొడుగులూ బూట్లూ పెట్టుకునే చోటికి పేరు.

మన గడపను దాటాలి. వాళ్లది మెట్టు, ఎక్కాలి. అందుకే ఇంటివాళ్లు లోపలికి రండి అనరు, పైకి రండి అంటారు. వచ్చినవాడు, మీకు అడ్డం వస్తున్నాను సుమా అనే అర్థమొచ్చే మాటొకటి అని మరీ ఎక్కుతాడు. తేమ ఎక్కువైన దేశం కనుక ఇల్లు నేలకు అంటకుండా లేచి ఉంటుంది. కింద కాంక్రీటు వంటి అడ్డు లేనప్పుడు చెక్క నేల 45 సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గకూడదని అక్కడి నిర్మాణ నిబంధనలు ఇప్పటికీ చెబుతాయి.

"కడనె" అన్నచోట ఏకారం అవధారణార్థకం. దాన్ని తేలిగ్గా తీసుకుని చెడ్డాను. బూటు విడిచిన కాలు మళ్లీ కింది రాతి మీద ఆనకూడదు, బూటులోంచి తిన్నగా మెట్టు మీదికే పోవాలి. వీపున సంచీ, బూటుకు లేసులు, రెండో కాలికి ఆసరా లేదు. ఒంటికాలి మీద కొంగలా ఊగి, చివరికి మేజోడు కాలు రాతి మీద పెట్టేశాను. బస యజమానురాలు మోకాళ్ల మీద కూర్చుని చిరునవ్వుతోనే ఉంది. చూపు మాత్రం ఒక్క క్షణం నా కాలి మీదికి పోయి వచ్చింది. ఆ ఊళ్లో లేసుల బూట్లవాళ్లు ఎందుకు తక్కువో అప్పుడు తెలిసింది.

గౌరవించి = మర్యాద చేసి. బూటుకు మర్యాదేమిటని శంక. విడిచిన జతను మొనలు వీధివైపు ఉండేలా తిప్పి, పక్కపక్కన చేర్చి పెట్టాలి. అదీ ఇంటివాళ్లకు వీపు చూపకుండా, ఓరగా మోకాలు వంచి చెయ్యాలి. బసల్లో ఆ పని వాళ్లే చేస్తారు. జెన్ మఠాల గుమ్మాల్లో నాలుగక్షరాల పలక ఒకటి కనిపిస్తుంది: నీ కాళ్ల కింద చూసుకో అని. తన్ను తాను పరీక్షించుకోమని గురువుల ఉద్దేశం, చెప్పులు సరిగ్గా పెట్టమని గుమ్మం ఉద్దేశం. శ్లేష.

ఈ గౌరవం బూటుతోనే ఆగిపోయిందని టీకాకారుడు చెప్పక తప్పదు. మైల అన్న భావాన్ని జపాన్ కూడా వస్తువులతో ఆపలేదు, మనుషులకు అంటించింది. తోలు పని, కళేబరాల పని చేసేవారిని తరతరాలు ఊరి చివర పెట్టింది. ఆ హీనమైన పేర్లను 1871లో శాసనంతో కొట్టేశారు. వివక్ష శాసనంతో పోలేదు. తోలు అడుగుల చెప్పులు కుట్టినవారిలో వారే ఎక్కువ. మా తాతగారింటికి చెప్పులు కుట్టి తెచ్చే పెద్దాయన ఏనాడూ వీధి అరుగు దాటి రాలేదు. చెప్పులు మాత్రం గడప దాకా వచ్చేవి. ఇది చెబితే అత్తయ్యగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా ఇంట్లోనూ అంతేనండీ" అన్నారు.

ద్వితీయ పాదము

మెత్త జోడు = స్లిప్పర్లు. జపనీస్ నోట సురిప్పా, మా పాలేరు నోట సిలిపరు. మెయిజీ కాలంలో బూట్లు విప్పడం తెలియని తెల్లవాళ్లు ఇళ్లలోకి వస్తుంటే, బూటు మీదనే తొడుక్కోవడానికని ఒక టోక్యో దర్జీ వీటిని కుట్టాడని చెబుతారు. అంటే ఈ పాదం పుట్టిందే మనలాంటి మోటువాళ్ల కోసం.

మెల్ల = చప్పుడు కాకుండా. దీనికి అపవాదం 1603లో తొకుగావా ఇయెయాసు కట్టించిన నిజో కోట. అక్కడి రాజగృహపు నడవలో మేజోళ్లతో ఎంత మెల్లగా అడుగేసినా నేల పిట్టలా కిచకిచమంటుంది. పలకల కింద కొక్కేలూ మేకులూ రాసుకుని వచ్చే ధ్వని. దొంగను పట్టించడానికే అలా కట్టారని యాత్రికులకు చెప్పుకొస్తారు. అత్తయ్యగారు రెండుసార్లు వెనక్కీ ముందుకీ నడిచి విన్నారు.

తృతీయ పాదము

చాప = తతామి. వరిగడ్డిని దిట్టంగా కూరిన దిమ్మె మీద ఇగుసా అనే గడ్డిని నేసి పరుస్తారు. మన తుంగచాపకు దూరపు చుట్టం. చుట్టి మూల నిలబెట్టే రకం కాదు, నేలే అది. పొడవు వెడల్పుకు రెట్టింపు. గదిని చదరపుటడుగుల్లో కాక చాపల్లో చెబుతారు: ఆరు చాపల గది, ఎనిమిది చాపల గది. క్యోటో చాప సుమారు 191 సెంటీమీటర్లు, టోక్యో వైపు 176 దాకా. కాబట్టి క్యోటోవాడి ఆరు చాపలూ టోక్యోవాడి ఆరు చాపలూ ఒకటి కావు. మన ఊళ్లలో కుంచం మారినట్టే. చాప అంచుకు కుట్టిన గుడ్డపట్టీ మీద కాలు వెయ్యకూడదు. పెట్టెను చక్రాల మీద ఈడవకూడదు. మా బావమరిది ఇరవై మూడు కిలోల పెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. కొత్త చాపకు కోత కోసిన చేను వాసన.

అదియు = ఆ మెత్త జోడు కూడా. జాడ లేక = అసలు తొడుక్కోనే లేదన్నట్టు. "విడువు" మొదటి పాదంలో వచ్చి మూడో పాదంలో మళ్లీ రావడం పునరుక్తి కదా అంటే, కాదు. రోజుకు పదిసార్లు విడవాల్సినదాన్ని పద్యంలో రెండుసార్లు చెప్పడం లాఘవం.

ఈ పాదంలో వ్యంగ్యంగా ఉన్న పదార్థం మేజోడు. వేల మైళ్లు ప్రయాణం చేసి వచ్చిన నా కుడి మేజోడుకు చిల్లు ఉందని చాప మీద నిలబడ్డాక గానీ తెలియలేదు. బొటనవేలు ధ్వని కాదు, వాచ్యం.

చతుర్థ పాదము

దొడ్డి = మరుగు. గ్రామ్యమని ఆలంకారికులు ముక్కు మూసుకోవచ్చు. ఆ గదిలో మాత్రం మూసుకోనక్కర్లేదు. లోపల నీటి సంగతికి వేరే టీక రాయాలి: టోటో కంపెనీ 1980లో వాష్‌లెట్ అమ్మకం మొదలుపెట్టాక ఆ దేశం మెల్లగా కాగితం నుంచి నీటికి మళ్లింది. దుబాయిలో విమానం మారేటప్పుడు ఖాళీ సీసా వెతుక్కున్న అత్తయ్యగారు, క్యోటోలో ఆ గదిలోంచి బయటకు వచ్చి, "వీళ్లు మనవాళ్లే" అని తీర్పు చెప్పారు.

జోడు వేఱు = ఆ గదికి విడిగా ఒక జత ఉంది. తలుపు తీయగానే లోపల నేల మీద కాచుకుని ఉంటుంది. నడవ జోడు బయట విడిచి, దీన్ని తొడిగి, పని ముగించి, దీన్ని అక్కడే విడిచి, దాన్ని తొడగాలి. రాస్తే ఇంతే.

రెండో రాత్రి భోజనాల గది చాపలది. గుమ్మం బయట అతిథులందరి జోళ్లూ బారుగా ఉన్నాయి: ముదురు నీలం, గుడ్డవి, మొనలన్నీ ఇటువైపు. నేను కాస్త ఆలస్యంగా వచ్చి, నా జత విడిచి, శ్రద్ధగా తిప్పి పెట్టి, లోపల కూర్చున్నాను. పులుసులో ముల్లంగి ముక్క నోట పెట్టుకోబోతుంటే అత్తయ్యగారు చాలా మెల్లగా అడిగారు: "బాబూ, ఆ గోధుమరంగు ప్లాస్టిక్ జత మీదేనా?"

నీలం వరుసలో గోధుమరంగు జత. బొటనవేలి దగ్గర రెండు మూడు పెద్ద అక్షరాలు. అవి చదవడానికి ఫోను అక్కర్లేదు. యజమానురాలు వచ్చింది, వంగింది, ఆ జతను రెండు చేతులతో తీసుకుంది, నీలం జత ఒకటి దాని స్థానంలో పెట్టి మొనలు సరిచేసింది, వెళ్లిపోయింది. నా వైపు చూడనే లేదు. చూసి ఉంటే బాగుండేది. నాలుగో పాదంలోనిదాన్ని రెండో పాదంలోకి లాక్కొచ్చి మూడో పాదం గుమ్మంలో పెట్టడాన్ని శాస్త్రంలో దూరాన్వయ దోషమంటారు.

దొరలకైన = ఎంతటివారికైనా. ఇది చివరి పాదానికే చెందుతుందా, పద్యమంతటికా? దేహళీదీప న్యాయం చొప్పున అంతటికీ. గడప మీద పెట్టిన దీపం లోపలికీ బయటికీ వెలుగిచ్చినట్టు ఈ మాట నాలుగు పాదాలకూ పారుతుంది. గడప గురించిన పద్యానికి ఇంతకన్నా తగిన న్యాయం లేదు. ప్రత్యుదాహరణం: 1857లో అమెరికా దూత టౌన్‌సెండ్ హారిస్ ఎడో కోటలో షోగన్ దర్శనానికి పోయినప్పుడు బూటు విప్పి మేజోళ్లతో నిలబడడం అతనికి తలవంపు, బురద బూటు వాళ్లకు తలవంపు. అంతకుముందు వీధిలో తొడగని కొత్త బూట్లు వేసుకుని లోపలికి నడిచాడు. విధిని మీరకుండా మీరడం దొరలకే చేతనవును.

తాత్పర్యము

నేను దీన్ని మూడు వాక్యాల్లో రాసి చదివి వినిపిస్తే అత్తయ్యగారు ఒక్క ముక్కలో తేల్చారు: "ఎక్కడి మైల అక్కడే ఉండాలి, అంతేగా?" మా బావమరిది దాన్ని యజమానురాలికి జపనీస్‌లో చెప్పబోయి, మైల దగ్గర ఆగిపోయాడు. మాట దొరక్క కాదు, దొరికే.

శేషము

ఆఖరి పొద్దున దిగేసరికి మెట్టు కింద నాలుగు జతలు వీధివైపు మొనలతో సిద్ధంగా ఉన్నాయి. అత్తయ్యగారి బొటనవేలి పట్టీ చెప్పులను యజమానురాలు వేలితో చూపి ఏదో అంది. వాళ్ల జోరీ చెప్పులు కూడా ఇలాగే ఉంటాయందట. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. నేను లేసులు కట్టుకుంటున్నాను.

విజయవాడ వచ్చిన వారానికి అత్తయ్యగారు బజారు నుంచి రెండు జతల రబ్బరు చెప్పులు తెప్పించి బాత్‌రూము గుమ్మం లోపల పెట్టారు. పద్యం కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిమ్మన్నారు. రాస్తుంటే, మూడు పాదాలూ అక్కర్లేదు, అవి మనకు తెలిసినవే, నాలుగోది చాలన్నారు. రాసిచ్చాను. సాయంత్రం తలుపు మీద చూస్తే చివరి మాట కొట్టేసి పైన ఎర్ర సిరాతో దిద్ది ఉంది:

దొడ్డి జోడు వేఱు అల్లుడికైనా

గణం చెడింది, యతి చెడింది, సంధి ఊసే లేదు. ఆవిడతో ఎవరంటారు?